పట్టిక తల్లిని మార్చే ఆజ్ఞకు వాక్యరూపం ఎలా కట్టాలి

మా గుణుపురం 1936 ఏప్రిల్ 1కి ముందు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చెందినది. ఆ రోజున ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడటంతో కోరాపుట్ జిల్లాలోకి వచ్చింది. 1992 అక్టోబరు 2న కోరాపుట్‌ను నాలుగు జిల్లాలుగా విడదీసినప్పుడు రాయగడ జిల్లాకు మారింది. ఊరు మాత్రం వంశధార ఒడ్డునే ఉంది, ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు తెలుగే మాట్లాడుతున్నారు. మారినదల్లా ఊరిని ఏ జిల్లా లెక్కలో కలుపుతారన్నది ఒక్కటే. డేటాబేస్‌లో ఒక పట్టికను ఒక తల్లి పట్టిక కింద నుంచి తీసి మరో తల్లి పట్టిక కింద పెట్టడం కూడా ఇటువంటి పనే. వరుసలు ఉన్నచోటే ఉంటాయి. తల్లిని అడిగినప్పుడు వాటిని కలిపి చూపాలా వద్దా అన్నదే మారుతుంది. ఆ మార్పును చెప్పే ఆజ్ఞకు వాక్యరూపం మీరే నిర్ణయించవలసి వస్తే ఏది ముందు, ఏది తరువాత ఆలోచించాలో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణగా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌గ్రెస్‌ను తీసుకుంటున్నాను, ఎందుకంటే పట్టికల వారసత్వం (ఒక పట్టిక మరో పట్టికకు పిల్లగా ఉండి దాని కాలమ్‌లను పొందడం) దానిలో మొదటి నుంచీ ఉన్నా, ఒకసారి సృష్టించిన పట్టికకు తల్లిని చేర్చే, తీసివేసే ఆజ్ఞ మాత్రం 2006లో వచ్చిన 8.2 సంచికతోనే వచ్చింది. పాత వ్యాకరణంలోకి కొత్త వాక్యాన్ని ఇరికించడంలో ఎదురయ్యే చిక్కులన్నీ అక్కడ కనిపిస్తాయి. ఆజ్ఞలను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను. యంత్రానికి ఇచ్చేటప్పుడు కీవర్డులను రోమన్ లిపిలో టైపు చేసుకోవాలి. పట్టికల పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచవచ్చు, వాటికి కొటేషన్ గుర్తులు కూడా అక్కరలేదు. మన పట్టికలు మూడు: కోరాపుట్, రాయగడ అనే తల్లులు, గుణుపురం అనే పిల్ల. మూడింటిలోనూ ఊరి_పేరు, ఇళ్లు, సాగుభూమి అనే కాలమ్‌లు ఉన్నాయి.

మాటలు వెతకడానికి ముందు అర్థాన్ని తేల్చుకోండి. అందులోనూ చేర్చడం కన్నా ముందు విడదీయడం గురించి ఆలోచించండి. చాలామంది దీన్ని తిరగవేస్తారు. చేర్చే ఆజ్ఞను ముచ్చటగా తయారుచేసి, విడదీయడాన్ని దానికి వ్యతిరేకపదంగా చివర్లో అతికిస్తారు. పిల్ల తల్లి నుంచి విడిపోయిన రోజున దాని దగ్గర ఏమి మిగలాలి? వరుసలన్నీ మిగలాలి, అందులో తర్జనభర్జన లేదు. కాలమ్‌లు మిగలాలా? తల్లి నుంచి వచ్చినవే అయినా మిగలాలి, ఎందుకంటే వాటిలో పిల్ల సొంత సమాచారం ఉంది. అయితే అవి ఇకపై ఎవరివి?

పోస్ట్‌గ్రెస్ దీనికి చెప్పిన జవాబును శ్రద్ధగా గమనించండి. పీజీ_ఇన్‌హెరిట్స్ అనే అంతర్గత పట్టికలో ఏ పిల్లకు ఏ తల్లి, ఎన్నో తల్లి అన్నది ఉంటుంది. అసలు లెక్క పీజీ_అట్రిబ్యూట్‌లో ఉంటుంది. అక్కడ ప్రతి కాలమ్‌కూ రెండు విషయాలు రాసి ఉంటాయి: ఈ కాలమ్ ఎందరు తల్లుల నుంచి వచ్చింది అన్న సంఖ్య ఒకటి, ఈ పట్టిక దీన్ని సొంతంగా కూడా ప్రకటించుకుందా అన్న గుర్తు మరొకటి. కోరాపుట్‌కు పిల్లగానే పుట్టిన గుణుపురంలో సాగుభూమికి సంఖ్య 1, సొంత గుర్తు లేదు. విడదీస్తే సంఖ్య 0 అవుతుంది. ఏ తల్లీ లేని కాలమ్ అనాథగా ఉండకూడదు గనుక అప్పుడు సొంత గుర్తు పడుతుంది. తిరిగి అదే తల్లికి చేర్చితే సంఖ్య మళ్లీ 1 అవుతుంది, కానీ సొంత గుర్తు చెరిగిపోదు. అంటే విడదీసి మళ్లీ చేర్చితే మొదటి స్థితికి చేరుకోరు. పైకి చూస్తే ఏ తేడా కనిపించదు. తేడా బయటపడేది తల్లిలోని కాలమ్‌ను తొలగించిన రోజున: సొంత గుర్తు లేని పిల్లల్లో ఆ కాలమ్ కూడా పోతుంది, సొంత గుర్తు ఉన్న పిల్లలో మాత్రం అలాగే ఉండిపోతుంది. నేను ఒకసారి సంవత్సరాల వారీగా ఉన్న పిల్ల పట్టికల్లో ఒకదానిని సర్దుబాటు కోసం విడదీసి, పని ముగించి తిరిగి చేర్చాను. కొన్ని నెలల తరువాత తల్లిలో అక్కరలేని కాలమ్‌ను తీసివేసినప్పుడు, ఆ ఒక్క సంవత్సరంలో తప్ప అన్నిటిలోనూ అది పోయింది. కారణం దొరకడానికి ఒక పూట పట్టింది. తప్పు డేటాబేస్‌ది కాదు, ఆ గుర్తు ఉందన్న సంగతి తెలియని నాది.

ఈ లెక్క తెలిస్తేనే ఒక ఆజ్ఞలో రెండు పనులు ఎందుకు పట్టాలో అర్థమవుతుంది. గుణుపురాన్ని కోరాపుట్ నుంచి తీసి రాయగడకు చేర్చడం ఒకే మార్పు. మధ్యలో ఎవరైనా లెక్క తీస్తే ఊరు రెండు చోట్లా కనిపించకూడదు, ఏ చోటా కనిపించకుండానూ పోకూడదు. కాబట్టి మీ వాక్యరూపంలో చిన్న ఆజ్ఞలను కామాతో కలిపే వీలు ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ టేబుల్ (పట్టికను మార్చు) అన్న ఆజ్ఞ కింద, చేర్చడానికి ఇన్‌హెరిట్, విడదీయడానికి నో ఇన్‌హెరిట్ అని ఇలా రాయవచ్చు:

ఆల్టర్ టేబుల్ గుణుపురం ఇన్‌హెరిట్ రాయగడ, నో ఇన్‌హెరిట్ కోరాపుట్;

ముందు చేర్చడం, తరువాత విడదీయడం అన్న వరుసను కావాలనే రాశాను. ఇలా రాస్తే కాలమ్ సంఖ్య 1 నుంచి 2కు ఎక్కి తిరిగి 1కి దిగుతుంది, సున్నాను తాకదు, సొంత గుర్తు పడదు. తిరగవేసి రాస్తే మధ్యలో సున్నాను తాకి గుర్తు పడిపోతుంది. అక్షరాల్లో ఒకే మాటలున్న రెండు వాక్యాలు ఇలా వేర్వేరు ఫలితాలనివ్వడం నాకు నచ్చదు. కొత్తగా రూపొందించేవారైతే, కామాలతో కూడిన మొత్తం ఆజ్ఞ ముగిసిన తరువాతే సున్నా అయిందా లేదా చూడమని నేను సలహా ఇస్తాను.

ఇక వాక్యానికి కర్త ఎవరో తేల్చాలి. గుణుపురాన్ని మార్చు అనాలా, రాయగడను మార్చు అనాలా? తెలుగులో ఈ బాధ లేదు. గుణుపురాన్ని రాయగడలో చేర్చు అన్నా, రాయగడలో గుణుపురాన్ని చేర్చు అన్నా విభక్తి ప్రత్యయాలే ఎవరు ఎవరో చెబుతాయి. డేటాబేస్‌కు ఆజ్ఞలిచ్చే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో పేర్లకు విభక్తులు లేవు, మాట ఉన్న స్థానమే విభక్తి; అందుకే ఆల్టర్ టేబుల్ తరువాత వచ్చే మొదటి పేరు ఎవరిది అన్నది పెద్ద ప్రశ్న. నేను పాటించే సూత్రం ఒకటుంది: ఏ పట్టిక వివరాలు ఎక్కువగా మారుతాయో, ఏ పట్టికకు గట్టి తాళం (ఆజ్ఞ ముగిసేవరకు ఇతరుల పనిని ఆపే అడ్డు) పడుతుందో దాని పేరే ముందు రావాలి. వారసత్వంలో మారేది పిల్ల కాలమ్‌ల లెక్క. ఆల్టర్ టేబుల్ పూర్తి తాళం వేసేది పిల్లకే, తల్లికి పడే తాళం దాని మీద చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు. పైగా ఒక పిల్లకు ఎందరు తల్లులైనా ఉండవచ్చు కనుక, ఎవరెవరు అన్న జాబితా పిల్ల ఆస్తే. అందుకే ఆల్టర్ టేబుల్ గుణుపురం ఇన్‌హెరిట్ రాయగడ.

ఇదే డేటాబేస్‌లో 2017లో 10వ సంచికతో వచ్చిన పార్టిషన్ల (ఒక పట్టికను విలువల ప్రకారం పంచిన ముక్కల) ఆజ్ఞ దీనికి తలకిందులుగా ఉంటుంది: ఆల్టర్ టేబుల్ తల్లి అటాచ్ పార్టిషన్ పిల్ల, ఆ పైన ఏ విలువ నుంచి ఏ విలువ వరకు అన్న హద్దులు. రెండూ ఒకే ఇంట్లో ఎదురెదురుగా ఉండటం కొత్తవారిని తికమక పెడుతుంది, కానీ అది పొరపాటు కాదు. పార్టిషన్‌కు తల్లి ఒక్కరే. హద్దులు తల్లి పంపకపు పథకానికి చెందినవి, రెండు పిల్లల హద్దులు ఒకదానిపై ఒకటి పడకుండా చూడవలసినదీ తల్లే. మీ వ్యవస్థలో పిల్లకు ఒకే తల్లి అన్న నియమం ఉంటే తల్లిని కర్తగా పెట్టండి, లేకపోతే పిల్లను.

తరువాతిది మాటల ఎంపిక. ముందుగా తోచే రూపం యాడ్ ఇన్‌హెరిట్స్, డ్రాప్ ఇన్‌హెరిట్స్ అన్నది. సృష్టించేటప్పుడు వాడే మాట ఇన్‌హెరిట్స్ ఎలాగూ ఉంది, చేర్చడానికి యాడ్, తీయడానికి డ్రాప్ ఉన్నాయి. కొత్త మాట ఒక్కటి కూడా అక్కరలేదు. సరిగ్గా ఇక్కడే కాలు జారుతుంది. ఆల్టర్ టేబుల్‌లో యాడ్ తరువాత కాలమ్ అన్న మాట ఐచ్ఛికం. యాడ్ ఇళ్లు ఇంటీజర్ అంటే ఇళ్లు అన్న పేరుతో పూర్ణసంఖ్యల కాలమ్ చేర్చు అని అర్థం. మరి యాడ్ ఇన్‌హెరిట్స్ రాయగడ అంటే? ఇన్‌హెరిట్స్ అన్నది పోస్ట్‌గ్రెస్‌లో రిజర్వు చేసిన మాట కాదు, కాలమ్‌కు పేరుగా పెట్టుకోవచ్చు. రాయగడ అన్నది పట్టిక. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి పట్టికతోపాటు అదే పేరుతో ఒక టైపు (విలువల రకం) కూడా పుడుతుంది. కనుక ఈ వాక్యానికి ఇన్‌హెరిట్స్ అనే కాలమ్‌ను రాయగడ అనే టైపుతో చేర్చు అన్న అర్థం ఇప్పటికే ఉంది. అటువంటి వాక్యం దోషం చూపదు. ఆజ్ఞ నెరవేరినట్టే జవాబు వస్తుంది, పట్టికలో అక్కరలేని కాలమ్ ఒకటి చేరి కూర్చుంటుంది, వారసత్వం మాత్రం జరగదు.

దీన్ని తప్పించడానికి మూడు దారులున్నాయి. తల్లి పేరుకు బ్రాకెట్లు తప్పనిసరి చేస్తే యాడ్ ఇన్‌హెరిట్స్ తరువాత బ్రాకెట్ చూడగానే పార్సర్‌కు (ఆజ్ఞను చదివి అర్థం విడదీసే భాగానికి) తేడా తెలుస్తుంది, ఎందుకంటే టైపు పేరు బ్రాకెట్‌తో మొదలుకాదు. కానీ టైపు చేసేవారు బ్రాకెట్లు మరచిపోయిన క్షణాన పాత అర్థమే నిశ్శబ్దంగా అమలవుతుంది. కాబట్టి ఆ దారిని నేను ఒప్పుకోను. ఇన్‌హెరిట్స్‌ను రిజర్వు చేయడం రెండవది. అప్పటికే ఆ పేరుతో కాలమ్ పెట్టుకున్నవారందరి ఆజ్ఞలూ కొత్త సంచికలో విరిగిపోతాయి. ఒక సౌకర్యం కోసం దానితో సంబంధంలేనివారి ఇల్లు కూల్చడం న్యాయం కాదు. మూడవది, ఆల్టర్ టేబుల్ కింద ఇంతవరకు ఎవరూ వాడని మాటతో చిన్న ఆజ్ఞను మొదలుపెట్టడం. ఆ స్థానంలో యాడ్, డ్రాప్, ఆల్టర్, సెట్, ఓనర్ వంటి నిర్ణీత మాటలే వస్తాయి తప్ప వాడుకరి పెట్టిన పేరేదీ రాదు; అందుచేత అక్కడ ఇన్‌హెరిట్ అన్న కొత్త మాటను రిజర్వు చేయకుండానే నిలపవచ్చు. ఇన్‌హెరిట్, నో ఇన్‌హెరిట్ అన్న జంట అందువల్ల క్షేమంగా నిలుస్తుంది.

మీ వ్యాకరణంలో ఇదే పరీక్షను చేయండి. మీరు అనుకున్న ప్రతి వాక్యాన్నీ కొత్త నియమం లేని పాత పార్సర్‌కు ఇచ్చి చూడండి. దోషం వస్తే మంచిది. దోషం రాకుండా వేరే అర్థంతో నెరవేరితే ఆ రూపాన్ని వదిలేయండి, ఎంత అందంగా ఉన్నా సరే. వాక్యంలో చివరి మాటను తీసేసి కూడా ఇవ్వండి: డ్రాప్ ఇన్‌హెరిట్స్ రాయగడలో రాయగడను మరచిపోతే మిగిలేది ఇన్‌హెరిట్స్ అనే కాలమ్‌ను తొలగించమన్న ఆజ్ఞ.

అలాగని ఎంచుకున్న జంటకు లోపాలు లేవని కాదు. పట్టికలకు నో ఇన్‌హెరిట్ రెండు మాటలు. వాడుకరి పాత్రలకు అధికారాలు సంక్రమించకుండా ఆపే నోఇన్‌హెరిట్ ఒకే మాట, అది 8.1లోనే వచ్చింది. ఆ పైన 9.2లో చెక్ నిబంధనలకు (విలువలు షరతుకు లోబడి ఉన్నాయా అని చూసేవాటికి) కూడా నో ఇన్‌హెరిట్ వచ్చింది, అక్కడ దాని అర్థం ఈ నిబంధన పిల్లలకు దిగకూడదని. ఒకే మాట మూడు చోట్ల మూడు పనులు చేస్తోంది. మరి ప్రమాణంలోని మాట వాడకూడదా అని మీరు అడగవచ్చు. ఎస్‌క్యూఎల్ 1999 ప్రమాణంలో అండర్ అన్న మాట ఉంది, అయితే అక్కడి వారసత్వం ఒకే తల్లిని ఒప్పుకొనే వేరే రకం. అర్థం కలవనప్పుడు ప్రమాణపు మాటను అరువు తెచ్చుకోవడం సొంత మాట పెట్టుకోవడం కన్నా ప్రమాదకరం.

చేర్చేటప్పుడు పెట్టవలసిన షరతులకు వద్దాం. తల్లిలోని ప్రతి కాలమ్ అదే పేరుతో, అదే టైపుతో పిల్లలో ముందే ఉండాలి. వరుసక్రమం కలవనక్కరలేదు, పేర్లతోనే జత కుదురుతుంది. పిల్లకు అదనపు కాలమ్‌లు ఉండవచ్చు. తల్లిలో ఖాళీ ఉండరాదన్న నియమం, పిల్లలకు దిగే చెక్ నిబంధనలు పిల్లలోనూ ఉండాలి. లేని కాలమ్‌ను ఆజ్ఞే చేర్చిపెడితే సులువు కదా అనిపిస్తుంది. వద్దు. పట్టికను సృష్టించేటప్పుడు వరుసలు లేవు గనుక కలిపేయడం సహజం. నిండుగా ఉన్న పట్టికలో సాగుభూమి అన్న కాలమ్‌ను సాగు_భూమి అని టైపు చేసిన మనిషికి దోషం చూపించాలి, రెండో కాలమ్‌ను బహుమతిగా ఇవ్వకూడదు. షరతులన్నీ ముందే నెరవేరి ఉండాలన్న నియమం వల్ల మరో లాభం ఉంది: ఆజ్ఞ ఏ వరుసనూ చదవనక్కరలేదు, లక్షల వరుసలున్నా క్షణంలో ముగుస్తుంది. తనకు తానే తల్లి కావడం, మనవరాలు అమ్మమ్మకు తల్లి కావడం, ఒకే తల్లిని రెండుసార్లు చేర్చడం తిరస్కరించాలన్నది చెప్పనక్కరలేదు.

ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసే ప్రైమరీ కీ, మరో పట్టికలోని వరుసను చూపే ఫారిన్ కీ, వెతుకులాటను వేగం చేసే ఇండెక్సులు ఈ వారసత్వంలో దిగవు. ఒకే తల్లి కింద ఉన్న రెండు పిల్లల్లో ఒకే క్రమసంఖ్య ఉంటే తల్లి దగ్గర అది రెండుసార్లు కనిపిస్తుంది. మీ ఆజ్ఞ చేయని పనిని వివరణ పుటలో మొదటి పేరాలోనే రాయండి.

అధికారాల విషయంలో రెండు వైపులా ఒకే నియమం ఉండాలని అనిపిస్తుంది గాని, ఉండనక్కరలేదు. పోస్ట్‌గ్రెస్‌లో చేర్చాలంటే పిల్లతోపాటు తల్లికి కూడా యజమాని కావాలి, విడదీయడానికి పిల్ల యజమాని అయితే చాలు. తల్లి లెక్కలోకి ఎవరో తెచ్చిన వరుసలు చొరబడకూడదన్న జాగ్రత్త దీనిలో ఉందని నేను అర్థం చేసుకున్నాను. నా పట్టికను నేను తీసుకుపోతానంటే ఆపడానికి అంత బలమైన కారణం లేదు.

దోషసందేశాల్లో పట్టిక పేరూ కాలమ్ పేరూ రెండూ ఉండాలి, ఎందుకంటే మనలా తెలుగులో పేర్లు పెట్టేవారికి మరో చిక్కు ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో పేరు 63 బైట్లకు మించదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి. కోరాపుట్_జిల్లా_ధాన్యం_కొనుగోలు అని పేరు పెడితే 87 బైట్లు; అది కోరాపుట్_జిల్లా_ధాన్యం_ దగ్గర సరిగ్గా 63కు తెగిపోతుంది, దోషంగా కాదు, చిన్న గమనికతో మాత్రమే. తరువాత కోరాపుట్_జిల్లా_ధాన్యం_అమ్మకం అని మరొకటి సృష్టించబోతే ఆ పేరుతో పట్టిక ఇప్పటికే ఉందంటుంది. తెగిన పేరును సందేశంలో చూసినవారికే సంగతి తెలుస్తుంది. పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు చేర్చే కంటికి కనిపించని విరామపు గుర్తు కూడా పేరులో భాగమే అవుతుంది, దానికీ 3 బైట్లే. ఆ గుర్తుతో ఒకసారి, లేకుండా ఒకసారి టైపు చేసిన పేర్లు చూడటానికి ఒకటే, యంత్రానికి రెండు.

చివరికి మిగిలింది ఎగుమతి, దిగుమతి. కొత్త ఆజ్ఞను చేర్చినవారు తరచుగా మరచిపోయే చోటు ఇదే. పోస్ట్‌గ్రెస్ ఎగుమతి పరికరం పిల్ల పట్టికను తిరిగి సృష్టించే ఆజ్ఞలో సొంత గుర్తు ఉన్న కాలమ్‌లను రాస్తుంది, తల్లి నుంచి మాత్రమే వచ్చినవాటిని రాయదు; అందువల్ల ఆ గుర్తులు భద్రంగా తిరిగి వస్తాయి. కాలమ్‌ల వరుసక్రమం మాత్రం రాకపోవచ్చు. సృష్టించేటప్పుడే తల్లిని చెబితే తల్లి కాలమ్‌లు ముందు నిలుస్తాయి. తరువాత చేర్చిన పిల్లలో అవి ఏ వరుసలోనైనా ఉండి ఉండవచ్చు. ఎగుమతి సమాచారాన్ని కాలమ్ పేర్లతో సహా రాస్తుంది గనుక విలువలు తారుమారు కావు, కానీ పేర్లు చెప్పకుండా విలువలను మాత్రమే వరుసగా ఇచ్చే పాత ప్రోగ్రాము ఇళ్ల సంఖ్యను సాగుభూమిలో వేస్తుంది, రెండూ అంకెలే అయితే దోషం కూడా రాదు. కాబట్టి పరీక్ష కోసం తల్లికి భిన్నమైన వరుసలో కాలమ్‌లు ఉన్న పిల్లను ఒకటి తయారుచేయండి. దాన్ని చేర్చి, ఎగుమతి చేసి, ఖాళీ డేటాబేస్‌లోకి తెచ్చుకుని, కాలమ్ పేర్లు రాయని ఇన్సర్ట్ (వరుసను చేర్చే ఆజ్ఞ) ఒకటి నడిపి, ఏ విలువ ఏ కాలమ్‌లో పడిందో కళ్లతో చూసుకోండి.